విశ్వవిద్యాలయం లేని వైద్య విద్యార్థి: చిరాగ్‌పల్లి అంచు నుంచి పరీక్షా క్రమశిక్షణ

హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే రహదారిలో జహీరాబాద్ దాటాక తెలంగాణ ముగిసేది చిరాగ్‌పల్లి దగ్గర. సంగారెడ్డి జిల్లా మొగుడంపల్లి మండలంలోని ఈ ఊరు పత్రికల్లో కనిపించేది ఎక్కువగా చెక్‌పోస్టు వార్తల్లోనే. వైద్య విద్య గురించిన వ్యాసంలో దాని పేరు ఎత్తడానికి కారణముంది. డాక్టరు కావాలనుకునే ఇక్కడి బైపీసీ అమ్మాయి జహీరాబాద్‌లో చేరితే తెలంగాణ ఇంటర్ బోర్డు కిందికి వస్తుంది. అటు బీదర్‌లో చేరితే కర్ణాటక ప్రీ-యూనివర్సిటీ కోర్సు (పీయూసీ) కిందికి పోతుంది. పరీక్షలో తప్పు చేసినా, చేసిందని అనుమానం వచ్చినా ఆమెను విచారించేది ఎవరన్నది సరిహద్దును బట్టి మారుతుంది. అయితే ఎటు వెళ్లినా ఆమెను తన విద్యార్థినిగా చెప్పుకునే విశ్వవిద్యాలయం ఒక్కటీ ఉండదు.

ఎప్పుడూ ఇలాగే లేదు. పూర్వం వైద్య కళాశాలకు దారి పీయూసీ గుండా ఉండేది, పీయూసీ విశ్వవిద్యాలయాల చేతిలో ఉండేది. కాపీ కొట్టి దొరికిన పిల్లవాడి సంగతి తేల్చాల్సింది డిగ్రీ ఇచ్చే సంస్థే. 1969లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. 1971 చట్టంతో దానికి వేరే బోర్డు ఏర్పడింది. విశ్వవిద్యాలయం ఆ పిల్లల్ని వదిలేసుకుంది. వాళ్లను విచారించడానికి సిండికేట్లకూ క్రమశిక్షణ సంఘాలకూ అలవాటైన పద్ధతిని మాత్రం ఎవరూ వెంట తీసుకెళ్లలేదు. మన చరిత్రకారులు ఆ మార్పును పాఠ్యప్రణాళిక మార్పుగానే రాశారు. నా దృష్టిలో అది విచారణాధికారం చేతులు మారిన ఘట్టం కూడా.

ఇవాళ ఆ అధికారం ముక్కలైంది. ఇంటర్ పరీక్ష బోర్డుది. వైద్య ప్రవేశ పరీక్ష నీట్, జాతీయ పరీక్షా సంస్థ ఎన్‌టీఏది. హాస్టల్లో, స్టడీ అవర్లో ఏం జరిగినా అది కార్పొరేట్ కాలేజీ యాజమాన్యం ఇష్టం. విషయం ముదిరితే పోలీసులు. ఆఖర్న సీటు వచ్చాక గానీ వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం తెర మీదికి రాదు. అప్పటికి ఇంటర్ బోర్డు వేసిన డిబార్ ఆ అమ్మాయి దారిని ముందే మూసేసి ఉండొచ్చు. నీట్‌లో ఎంత ర్యాంకు వచ్చినా ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో ఉత్తీర్ణులైతేనే ఎంబీబీఎస్‌కు అర్హత. ఇంటర్ పేపర్ రద్దయితే ర్యాంకు ఉండీ లేనట్టే.

పరీక్ష హాల్లో జరిగేది కాస్త దగ్గర నుంచి చూద్దాం. ఫ్లయింగ్ స్క్వాడ్ వస్తుంది. బెంచీ కింద చిట్టీ కనబడుతుంది. అది ఆ అమ్మాయిదా, వెనక బెంచీ నుంచి విసిరినదా అన్నది అక్కడికక్కడ తేలే విషయం కాదు. జవాబు పత్రం లాక్కుంటారు. చిట్టీని దానికి జత చేస్తారు. ఆమె చేత ఒక కాగితం మీద వాంగ్మూలం రాయిస్తారు. చేతులు వణుకుతుంటాయి, పక్కన అమ్మానాన్నలుండరు. 'ఇంకెప్పుడూ చేయను, క్షమించండి' అన్న వాక్యం తప్పు చేయనివాళ్లు కూడా రాసేదే. ఆ కాగితం చీఫ్ సూపరింటెండెంట్ సంతకంతో పైకి పోతుంది, నిర్ణయం ఆమెకు కనబడని చోట జరుగుతుంది. భయంలో రాసిన ఆ నాలుగు పంక్తులే ఆమె వాదన కింద లెక్క. నీట్ విషయంలో దూరం ఇంకా ఎక్కువ. అధికారి ఢిల్లీలో ఉంటాడు. దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్ చాలాసార్లు ఊళ్లోని నెట్ సెంటరు అబ్బాయి తెరిచి పెట్టినది, పాస్‌వర్డ్ కూడా అతని దగ్గరే.

న్యాయస్థానాలు దీన్ని ఎన్నడో పట్టించుకున్నాయి. ఉత్తరప్రదేశ్ బోర్డు 1954లో ముగ్గురు విద్యార్థుల ఫలితాలను వాళ్లను పిలిచి అడక్కుండానే రద్దు చేసి, మరుసటి ఏడాది పరీక్షకూ రానివ్వలేదు. ఘనశ్యామ్ దాస్ గుప్తా కేసుగా 1962లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. పిల్లవాడి భవిష్యత్తును తేల్చే సంఘం అర్ధన్యాయ సంస్థలాంటిదే, కాబట్టి చెప్పుకునే అవకాశం ఇవ్వాలంది. ఆ కేసు కూడా ఇంటర్మీడియట్ పరీక్షదే కావడం గమనించాలి. 1970లో బిహార్ బోర్డు కేసులో మరో మాట వచ్చింది. ఒక కేంద్రం మొత్తంలో మాస్ కాపీయింగ్ జరిగినప్పుడు పరీక్షనే రద్దు చేస్తారు, అక్కడ ఒక్కొక్కరినీ పిలిచి విననక్కర్లేదు. 1973 నాటి హీరానాథ్ మిశ్రా కేసు వైద్య కళాశాలదే, రాంచీలోని రాజేంద్ర మెడికల్ కాలేజీది. రాత్రివేళ అమ్మాయిల హాస్టల్ ఆవరణలోకి చొరబడ్డారన్న ఫిర్యాదు మీద కొందరు విద్యార్థుల్ని రెండేళ్లు బహిష్కరించారు. ఫిర్యాదు చేసిన అమ్మాయిల్ని వాళ్ల ముందుకు రప్పించి క్రాస్ ఎగ్జామిన్ చేయనివ్వలేదు. కోర్టు దాన్నీ సమర్థించింది. ఈ తీర్పును విద్యార్థి వ్యతిరేకమని కొట్టిపారేయడం తొందరపాటు. అక్కడ అభియోగం చెప్పారు, సమాధానం తీసుకున్నారు, అధ్యాపకుల విచారణ సంఘం కూర్చుంది. కాలేజీకి చేతనైన ఆ పాటి పని మన పరీక్షా వ్యవస్థ చేయలేకపోవడమే నా అభ్యంతరం.

మన దగ్గర అందరికీ గుర్తున్న ఉదాహరణ 2016 నాటి ఎంసెట్-2. ఆ ఏడాది బైపీసీ పిల్లలు మే 15న ఎంసెట్ రాశారు. నీట్ చుట్టూ సాగిన వ్యాజ్యం, ఆర్డినెన్సుల తర్వాత ఎంబీబీఎస్, బీడీఎస్ సీట్ల కోసం జూలై 9న మళ్లీ రాశారు. నీట్ రెండో విడత జూలై 24న జరిగింది. ఇంతలో ఎంసెట్-2 ప్రశ్నపత్రం ముందే బయటికి పొక్కిందని తేలింది. ముద్రణాలయం నుంచి దళారుల చేతికి, అక్కడి నుంచి బెంగళూరు, ముంబై, పుణె లాంటి నగరాల్లో పిల్లల్ని దాచి చదివించిన శిబిరాలకు అది ఎలా పోయిందో సీఐడీ బయటపెట్టింది. పరీక్ష రద్దయింది. సెప్టెంబర్ 11న ఎంసెట్-3 జరిగింది. దళారికి లక్షలు కట్టిన తండ్రి ఒకడు, అప్పు చేసి కోచింగ్ ఫీజు కట్టిన తండ్రి ఒకడు. రద్దు ఇద్దరి పిల్లలకూ ఒకే మోతాదులో పడింది. రద్దు తప్పని నేననను. ఎంతమంది చేతికి చేరిందో తేలని ప్రశ్నపత్రంతో ర్యాంకులివ్వడం అంతకంటే ఘోరం.

దోషుల్ని ఏరగలిగినప్పుడు ఏరాలి, ఏరలేనప్పుడే రద్దు చేయాలి అన్న సూత్రం ఆ తర్వాత బలపడింది. అంతకు ముందు, 2015లో, అఖిల భారత వైద్య ప్రవేశ పరీక్ష ఏఐపీఎంటీని సుప్రీంకోర్టు పూర్తిగా రద్దు చేసి ఆరు లక్షల పైచిలుకు పిల్లల చేత మళ్లీ రాయించింది. 2024 నీట్‌లో 23 లక్షల మంది రాసిన పరీక్షను రద్దు చేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. లీకు జరిగిన మాట నిజమే గానీ వ్యవస్థ అంతటా పాకినట్టు ఆధారం లేదనీ, లబ్ధి పొందినవాళ్లను వేరు చేయవచ్చనీ అంది. మధ్యప్రదేశ్ వ్యాపమ్ ప్రవేశాల కుంభకోణం కథ మరో రకం. అక్కడ 2008–2012 మధ్య దొడ్డిదారిన చేరిన 634 మంది ఎంబీబీఎస్ ప్రవేశాల రద్దును 2017లో కోర్టు ఖాయం చేసింది. అంతకు ముందు ఏడాది ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనంలో భిన్నాభిప్రాయం వచ్చింది. జస్టిస్ చలమేశ్వర్ వాళ్ల చేత ఐదేళ్లు సైన్యంలో సేవ చేయించాలని ప్రతిపాదించారు. దోషికి కూడా సమాజానికి పనికొచ్చే దారి ఉండాలన్న ఆ ఆలోచన చివరి తీర్పులో నిలవలేదు. కానీ కొట్టివేయదగ్గ ఆలోచన కాదు.

ఇక శాసనాలు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ వరుస నంబర్లతో రెండు చట్టాలు చేసింది. 25వది పరీక్షల్లో అక్రమాల నిరోధానికి, 26వది ర్యాగింగ్ నిషేధానికి. రెండూ విద్యార్థి నేరం గురించినవే గానీ వాటి తర్వాతి నడక వేరు. ర్యాగింగ్ మీద సుప్రీంకోర్టు, రాఘవన్ కమిటీ, 2009 యూజీసీ నిబంధనలు, వైద్య కళాశాలలకు 2021లో ప్రత్యేక నిబంధనలు వరసగా వచ్చాయి. ఎవరు విచారించాలో, ఎవరు సభ్యులుగా కూర్చోవాలో వాటిలో రాసి ఉంది. పరీక్షా చట్టం మాత్రం 3 నుంచి 7 ఏళ్ల జైలుశిక్ష దగ్గరే ఆగిపోయింది. 2024 జూన్‌లో అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం ముఠాలను గురిపెట్టింది. వ్యవస్థీకృత నేరానికి 5 నుంచి 10 ఏళ్లు, కోటికి తగ్గని జరిమానా. అభ్యర్థుల జోలికి పోదని, వాళ్ల సంగతి పరీక్షా సంస్థల నిబంధనలకే వదిలేస్తున్నామని కేంద్రం అప్పుడే చెప్పింది. వినడానికి దయగా ఉంది. నిజానికి పిల్లను మళ్లీ అదే కనబడని కమిటీకి అప్పగించడమే.

ఇక్కడే ఒక విడ్డూరం ఉంది. ఇంటర్ రాసేవాళ్లలో చాలామందికి 18 ఏళ్లు నిండవు. కేసు పోలీసుల దాకా పోతే 2015 బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది. 1997 పరీక్షా చట్టం చెప్పే శిక్ష బాలల న్యాయ చట్టంలోని 'ఘోర నేరం' నిర్వచనంలోకి రాదు కాబట్టి పెద్దవాళ్లలా విచారించడానికి వీల్లేదు, బాలల న్యాయ మండలే వినాలి. అక్కడ న్యాయ సహాయం ఉంటుంది, తల్లిదండ్రులుంటారు. 24వ సెక్షన్ ప్రకారం నేరం రుజువైనా దాని వల్ల తర్వాత ఏ అనర్హతా అంటదు. అంటే నేరస్తురాలిగా నిలబడ్డ పిల్లకు ఉన్న రక్షణ, చిట్టీతో దొరికి డిబార్ అయిన పిల్లకు లేదు. పోలీసు కేసు కాకపోవడం ఆమె దురదృష్టం అని రాయాల్సి రావడం నాకే ఎబ్బెట్టుగా ఉంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇదే సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. అక్కడ ప్రీమెడ్ విద్యార్థి నాలుగేళ్ల డిగ్రీ విశ్వవిద్యాలయంలోనే చదువుతాడు. గౌరవ నియమావళి, విచారణ సంఘం, అప్పీలు అన్నీ ఉంటాయి. కానీ మెడికల్ స్కూళ్ల ఉమ్మడి దరఖాస్తులో సంస్థాగత చర్య ఎప్పుడైనా ఎదుర్కొన్నావా అన్న ప్రశ్న ఉంటుంది. రికార్డు నుంచి తుడిచేసినా సరే అవునని రాయాల్సిందే. అక్కడ విచారణ దొరుకుతుంది, మరపు దొరకదు. మనకు రెండూ కావాలి.

దీనికి కొత్త శాసనం అక్కర్లేదు. 1971 చట్టం కింద బోర్డు తన నిబంధనలు మార్చుకుంటే సరిపోతుంది. హాల్లో రాయించిన వాంగ్మూలాన్ని ఒక్కదాన్నే ఆధారంగా తీసుకోకూడదు. అభియోగం తెలుగు, ఉర్దూల్లో రాతపూర్వకంగా ఇంటికి పంపాలి. జహీరాబాద్ ప్రాంతంలో ఉర్దూ తప్పనిసరి. తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని సంగారెడ్డిలోని జిల్లా ఇంటర్ విద్యాధికారి ముందు మాట్లాడుకునేందుకు ఒక పూట ఇవ్వాలి. నిర్ణయానికి కారణాలు రాయాలి, అప్పీలుకు గడువు పెట్టాలి, ఇదంతా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షల లోపే ముగించాలి. చిరాగ్‌పల్లి నుంచి సంగారెడ్డికి బస్సులో పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.