ఒకే తెర మీద రెండు ఖిడ్కీలు

హనుమాన్ జంక్షన్‌లో హైవే మీదికి నూజివీడు, గుడివాడ రోడ్లు వచ్చి కలుస్తాయి. ఇలాంటి సెంటర్లలో వెలిసిన డీటీపీ షాపులు మన ఇళ్ల షాదీ రుఖాల రూపాన్నే మార్చేశాయి. వాటి తారీఖ్ (తేదీ కాదు, చరిత్ర) చెప్పాలంటే కంప్యూటర్ తెర మీది కిటికీల కథ చెప్పాలి.

మొదట్లో కంప్యూటర్‌కి కిటికీలే లేవు. తెరంతా అక్షరాలు, ఒకసారికి ఒక్క పనే. 1970లలో అమెరికాలోని జెరాక్స్ పార్క్‌లో అలన్ కే బృందం ఆల్టో మెషీన్ మీద, మేజా మీది కాగితాల్లా, విండోలను ఒకదాని మీద ఒకటి పేర్చింది. తమాషా ఏమంటే, అదే జెరాక్స్ 1981లో అమ్మకానికి తెచ్చిన స్టార్ వర్క్‌స్టేషన్‌లో డాక్యుమెంట్ విండోలు గచ్చు బండల్లా పక్కపక్కనే ఉండేవి. 1985లో మైక్రోసాఫ్ట్ మొదటి విండోస్‌దీ అదే తరీఖా. 1987లో రెండో విండోస్‌తో అవి ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. మరుసటి ఏడాదే ఆపిల్ ముకద్దమా వేసింది, ఏళ్ల తరబడి నడిపి ఓడిపోయింది.

ఆ 1981లోనే లాహోర్‌లో జంగ్ అఖ్బార్ నూరీ నస్తాలీఖ్‌తో కంప్యూటర్ మీద కూర్పు మొదలుపెట్టింది. మీర్జా అహ్మద్ జమీల్ వేలకొద్దీ అక్షరాల జోడింపులను చేత్తో రాసి ఇచ్చిన ఖత్ అది. కాతిబ్‌ల హునర్ మెషీన్‌లోకి వెళ్లింది, వాళ్ల రోజీ పోయింది. నాకైతే అది తరక్కీ అని పూర్తిగా ఖుషీ పడాలనిపించదు. 1994లో ఢిల్లీ కంపెనీ ఇన్‌పేజ్ తెచ్చాక ఆ ఖత్ మామూలు షాపుల దాకా వచ్చింది.

ఇక షాపులో మెషీన్ ముందు కూర్చుందాం. ఒక విండోలో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో తెలుగు, ఎడమ నుంచి కుడికి. ఇంకో విండోలో ఇన్‌పేజ్, కుడి నుంచి ఎడమకి. ఆల్ట్ ట్యాబ్ నొక్కుతూ అటూ ఇటూ తిరగడమే. అక్షరాలు కాపీ చేసి ఇటు అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, ఎందుకంటే ఎవరి కోడ్ వాళ్లది. అందుకే ఉర్దూ భాగాన్ని బొమ్మలా తీసి తెలుగు కార్డు మీద పెట్టేవారు. బొమ్మలో నుఖ్తా తప్పితే దిద్దలేం, మళ్లీ ఇన్‌పేజ్‌కే వెళ్లాలి. ఈ లోపు ‘సేవ్ చేయాలా?’ అని చిన్న విండో లేచి, జవాబిచ్చేదాకా ఆ ప్రోగ్రామ్‌ను కదలనివ్వదు. చిరాకే గానీ, ఎన్నో రుఖాలను కాపాడింది అదే!

ఆపరేటర్‌కి ఉర్దూ రాకపోతే దుల్హా పేరు సరిగా పడిందో లేదో చూడటానికి పక్కన ఒక బుజుర్గ్ కూర్చోవాలి. తెలుగు మీడియంలో చదివిన మన పిల్లల్లో ఆ పని చేయగలిగేవాళ్లు ఎందరు? విండో మార్చడం అందరికీ తెలుసు, రెండో విండోలో ఏముందో చదవడమే ముష్కిల్.

యూనికోడ్‌లో 1991 నుంచే అరబీ లిపీ, తెలుగూ రెండూ ఉన్నాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంట్‌తో వచ్చింది. ఇప్పుడు రెండు లిపులనూ ఒకే విండోలో రాయొచ్చు. పాత ఫైళ్ల సంగతే వేరు. ఇంట్లో ఆనాటి సీడీలు ఉంటే అను తెలుగును యూనికోడ్‌లోకి మార్పించండి, ఇన్‌పేజ్ పేజీలను పీడీఎఫ్ తీయించండి. వాటిని తెరిచే మెషీన్ ఆ షాపులో ఇంకెన్నాళ్లు ఉంటుందో తెలియదు.