యూవీ మ్యాపింగ్

కంప్యూటర్లో తయారైన త్రీడీ నమూనాకు చదునైన బొమ్మను చర్మంలా తొడిగే పద్ధతి యూవీ మ్యాపింగ్. నమూనాలోని ప్రతి బిందువుకూ ఎక్స్, వై, జెడ్ విలువలతో పాటు, బొమ్మలో దాని చోటు చెప్పే యూ, వీ విలువలు కూడా ఉంటాయి.

గుంటూరు సన్నం మిరపకాయనే తీసుకుందాం. నమూనాను తొడిమ దగ్గర విడదీసి, కాయను కొస దాకా నిలువుగా ఒక గాటు పెట్టి విప్పితే సన్నటి త్రికోణంలా పరుచుకుంటుంది. దాని మీద ఎర్రరంగు, నిగనిగ, మచ్చలు వేస్తారు. గాటు కెమెరాకు కనబడని వైపు ఉండాలి. పనితనమంతా అక్కడే తెలుస్తుంది. కాయ ఆకారం ముట్టుకోకుండా బొమ్మలో తెల్లమచ్చలు చేర్చితే అదే తాలు కాయ అవుతుంది.

ఈ ఆలోచనకు మూలం 1974లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయానికి ఎడ్విన్ క్యాట్‌మల్ సమర్పించిన పీహెచ్‌డీ పరిశోధన. ఆయన వాడిన వంపు తలాలకు యూ, వీ సహజంగానే ఉండేవి కాబట్టి విప్పే బాధ లేదు. ఉపరితలం గరుకుగా ఉన్నట్టు భ్రమ కల్పించే బంప్ మ్యాపింగ్‌ను 1978లో జేమ్స్ బ్లిన్ చూపాడు. కల్లంలో ఎండిన కాయ ముడతలకు ఈనాటికీ అది పనికొస్తుంది. దూరపు బొమ్మలు మిణుకుమనకుండా చేసే మిప్‌మ్యాప్‌లను 1983లో లాన్స్ విలియమ్స్ తెచ్చాడు.

చిన్నచిన్న పలకలు అతికిన నమూనాలు వాడుకలోకి వచ్చాక విప్పడమే పెద్ద పనయింది. గోళాన్ని సాగదీయకుండా చదును చేయడం అసాధ్యమని 1827లోనే గౌస్ సిద్ధాంతం తేల్చింది. మిరపకాయ శంకువుకు దగ్గర కాబట్టి సులువుగా లొంగుతుంది. గోళంలా ఉబ్బిన ఈగ కన్ను లొంగదు. కథానాయకుణ్నే కంప్యూటర్ ఈగగా చూపిన రాజమౌళి ‘ఈగ’ (2012)కు మకుట వీఎఫ్‌ఎక్స్ ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ అవార్డు అందుకుంది. అంత దగ్గరి షాట్లలో తల, కళ్లు, రెక్కలు నమ్మించడం తెలుగు తెరకు గర్వకారణమే.

కోణాలు వీలైనంత చెదరకుండా విప్పే ఎల్‌ఎస్‌సీఎం పద్ధతి 2002లో వచ్చింది. 2004లో అది ఉచిత సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో చేరడంతో, స్టూడియోల చేతిలోని పనిముట్టు ఇంట్లో కంప్యూటరున్న విద్యార్థికీ దక్కింది. అసలు విప్పే పనే లేకుండా ఒక్కో పలకకూ విడిగా రంగు దాచే పీటెక్స్‌ను 2008లో డిస్నీ ప్రకటించింది.

చర్మం లేని వస్తువు దగ్గర ఈ పద్ధతి ఆగిపోతుంది. పత్తికాయ డిప్పకూ ఆకుకూ యూవీ సరిపోతుంది. విచ్చుకున్న దూదిని దగ్గరగా చూపాలంటే మాత్రం వెంట్రుకల మాదిరిగా పోగులను విడివిడిగా పుట్టించాల్సిందే.