ఒకే నౌక – పలు యాత్రలు

భూమికి నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున పరిభ్రమించు నౌక సెకండుకు సుమారు 7.7 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. ఆ వేగమున దానిలోని ప్రతి కిలోగ్రాము ద్రవ్యరాశికిని సుమారు 3 కోట్ల జౌల్‌ల గతిశక్తి ఉండును. నేలకు దిగవలెనన్న ఈ శక్తినంతటిని వదలివేయక తప్పదు. దిగునపుడు నౌక ముందున్న గాలి ఒక్కసారిగా అణగి, వేల డిగ్రీలకు వేడెక్కును. అట్టి వేడికి గురియైన నౌకను మరల వాడవచ్చునా?

తొలినాళ్ల నౌకలన్నియు ఒక్క యాత్రకే నిర్మింపబడినవి. గగారిన్ 1961లో ప్రయాణించిన వోస్తోక్ గాని, చంద్రుని వద్దకు పోయివచ్చిన అపోలోలు గాని రెండవసారి ఎగురలేదు. అయితే 1965 జనవరిలో మనుష్యులు లేకుండ ఎగిరిన జెమిని-2 గుళికను బాగుచేసి, 1966 నవంబరులో మరల పంపిరి. అది ఒక పరీక్ష మాత్రమే.

ఈ ఆలోచనకు పూర్తి రూపమిచ్చినది అమెరికా స్పేస్ షటిల్. 1981 ఏప్రిల్ 12న కొలంబియా మొదటిసారి ఎగిరినది. ఏటా పదుల కొలది యాత్రలు జరుగునని, ఖర్చు తగ్గునని నిర్మాతలు ఆశించిరి. కాని ఏ సంవత్సరమునందును యాత్రలు తొమ్మిదికి మించలేదు. షటిల్ దేహమునకు 24 వేలకు పైగా సిలికా పలకలు అతికింపబడియుండెను. యాత్ర ముగిసిన ప్రతిసారియు వానిని పరీక్షింపవలసి వచ్చెడిది. నౌక తిరిగి వచ్చెడిదే గాని, దానిని మరల సిద్ధపరచుటకే కాలమును ధనమును వ్యయమయ్యెడివి. 1986లో చాలెంజరు, 2003లో కొలంబియా నాశనమై 14 మంది వ్యోమగాములు మరణించిరి. 135 యాత్రల అనంతరము, 2011లో షటిల్‌కు స్వస్తి చెప్పిరి.

ఈలోగా నాసా విధానము మారినది. 2006 నుండి అది సరకు రవాణాకై నౌకలను తాను కొనుటకు బదులు, రవాణా సేవను కొనుటకు పూనుకొన్నది. నౌక కంపెనీదే, యాత్రకు మాత్రమే ప్రభుత్వము మూల్యము చెల్లించును. స్పేస్ ఎక్స్ కంపెనీ నిర్మించిన డ్రాగన్ 2010 డిసెంబరులో కక్ష్యకు పోయి క్షేమముగా సముద్రమున దిగినది. 2012 మేలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమును చేరినది. 2014లో ఎగిరిన ఒక డ్రాగన్ గుళికనే 2017 జూన్‌లో రెండవసారి సరకులతో పంపిరి. డ్రాగన్‌కు షటిల్ వలె రెక్కలు లేవు. మొద్దుబారిన అడుగుభాగమున ఉష్ణకవచమును, దిగుటకు పారాచూట్లును కలవు. అయినను నౌక అంతయు మరల వాడబడునని తలపరాదు. గుళికకు దిగువనుండు పెట్టె వంటి భాగమును, రాకెట్టు రెండవ దశను ప్రతిసారియు కోల్పోవలసినదే.

మనుష్యులను మోయు డ్రాగన్ 2019 ఏప్రిల్ 20న నేలమీది పరీక్షలో పేలిపోయినది. అందులో ఎవరును లేరు. ఒక కవాటము గుండా కారిన ద్రవ నైట్రోజన్ టెట్రాక్సైడ్, అధిక పీడనమువలన మిక్కిలి వేగముతో వెనుకకు నెట్టబడి, టిటానియం కవాటమును ఛేదించి మంటకు కారణమైనదని విచారణలో తేలినది. ఆ కవాటములకు బదులు, పీడనము మించినపుడు మాత్రమే పగులు పలుచని బిళ్లలను అమర్చిరి. అవి ఒక్కసారికే పనికివచ్చును! మరల మరల ఎగురవలసిన నౌకలో సైతము, క్షేమము కొరకు ఒకసారి వాడి పారవేయు భాగమునే ఎన్నుకొనవలసి వచ్చినది.

2020 మే 30న ఇద్దరు వ్యోమగాములతో ఎగిరిన ఎండీవర్ అను గుళికయే 2021 ఏప్రిల్‌లో నలుగురిని మోసికొనిపోయినది. అదే సంవత్సరము నవంబరులో మరియొక డ్రాగన్ యాత్రకు నాయకుడైన రాజాచారి తండ్రి హైదరాబాదు నుండి అమెరికాకు వెళ్లినవారు.

మరల వాడదగినదియే అయిన బోయింగ్ వారి స్టార్‌లైనర్ 2024 జూన్‌లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్‌లను కేంద్రమునకు చేర్చినది. కాని దాని చిన్న రాకెట్లలో లోపములు, హీలియం లీకులు కనుపించుటచే సెప్టెంబరులో దానిని ఖాళీగానే దింపిరి. వారిరువురును 2025 మార్చిలో డ్రాగన్‌లో తిరిగివచ్చిరి.

నౌక తిరిగి వచ్చినంత మాత్రమున మరల ప్రయాణమునకు తగినదని చెప్పజాలము. ఏ భాగము అరిగినది, దేనిని మార్చవలెను, ఎప్పుడు మనుష్యులను ఎక్కింపరాదు – ఈ నిర్ణయములలో పొరపాటునకు మూల్యము ప్రాణములే యని షటిల్ చరిత్ర తెలిపినది.