సైనిక పైలట్ కావడానికి దారి: వందేళ్ళ చరిత్ర

సైనిక పైలట్లను బడి చదువు ముగిసే వయసులోనే ఎంచుకునే అలవాటు మొదటి ప్రపంచ యుద్ధంలో బలపడింది. ఆ యుద్ధంలో విమానం నడిపిన కొద్దిమంది భారతీయుల్లో అందరికన్నా పేరు తెచ్చుకున్న ఇంద్రలాల్ రాయ్‌కి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. 1898లో కలకత్తాలో పుట్టి, లండన్‌లోని సెయింట్ పాల్స్ స్కూల్లో చదివాడు. కంటిచూపు చాలదని రాయల్ ఫ్లయింగ్ కోర్ మొదట తిప్పి పంపితే, మరో నేత్రవైద్యుడి దగ్గర పరీక్ష చేయించుకుని ఆ నిర్ణయాన్ని మార్పించుకున్నాడు. 1917 జులైలో అధికారిగా చేరాడు. మరుసటి జులైలో రెండు వారాల వ్యవధిలో 10 శత్రు విమానాలను కూల్చినట్టు లెక్కకెక్కాడు. అదే నెల 22న ఆకాశంలో జరిగిన పోరులో మరణించాడు.

రాయ్‌కి ఆ అవకాశం దొరకడానికి కారణాలు రెండు. అతని కుటుంబం ఇంగ్లండులో ఉంది. యుద్ధానికి మనుషులు కరవయ్యారు. యుద్ధం ముగియగానే ఆ సందు మూసుకుపోయింది. రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో అధికారి కావాలంటే యూరోపియన్ సంతతివాడై ఉండాలన్న నిబంధన అడ్డుగోడగా నిలిచింది. హైదరాబాద్ నిజాం ఇచ్చిన విరాళంతో డి.హెచ్.9ఎ విమానాలు సమకూరినందుకు బ్రిటిష్ వాయుసేనలోని 110వ స్క్వాడ్రన్‌కు ‘హైదరాబాద్’ అని పేరు పెట్టారు. కానీ ఆ స్క్వాడ్రన్‌లో అధికారిగా చేరే అర్హత హైదరాబాద్ కుర్రవాడికి లేదు. వలస పాలనలోని అన్యాయం ఇంత సూటిగా కనిపించే ఉదాహరణలు తక్కువ.

భారతీయులను సైన్యంలో అధికారులుగా తీసుకోవడంపై 1925లో నియమించిన స్కీన్ కమిటీ, క్రాన్‌వెల్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ కాలేజీలో కూడా వారికి చోటివ్వాలని సిఫారసు చేసింది. అది అమలయ్యే లోపే దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బుల్లో కొందరు సొంత డబ్బుతో విమానం నడపడం నేర్చుకోసాగారు. జె.ఆర్.డి. టాటా 1929లో లైసెన్సు సంపాదించాడు. ఇంగ్లండ్, ఇండియాల మధ్య ఒంటరిగా ఎగిరిన తొలి భారతీయుడికి ఆగాఖాన్ ప్రకటించిన బహుమతి కోసం 1930లో ముగ్గురు పోటీపడ్డారు. టాటా ఇక్కణ్ణుంచి బయలుదేరితే, 17 ఏళ్ళ ఆస్పీ ఇంజనీర్ అటునుంచి వస్తున్నాడు. ఈజిప్టులోని అబూకిర్‌లో ఇద్దరూ తారసపడ్డారు. ఇంజనీర్ విమానం స్పార్క్ ప్లగ్గుల కోసం ఆగిపోయి ఉంది. టాటా తన దగ్గరున్నవి ఇచ్చి సాగనంపాడు. బహుమతి ఇంజనీర్‌కే దక్కింది. ఆ తర్వాత అతను క్రాన్‌వెల్‌లో శిక్షణ పొంది వాయుసేనలో చేరాడు. 1960లో దానికి అధిపతి అయ్యాడు.

భారత వాయుసేన 1932 అక్టోబరు 8న చట్టబద్ధంగా ఏర్పడింది. తొలి పైలట్లు ఐదుగురూ క్రాన్‌వెల్‌లో శిక్షణ పొందినవారే. వారితో వచ్చిన ఆరో అధికారి సరఫరా విభాగానికి వెళ్ళాడు. 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్డులో నాలుగు వాపిటి విమానాలతో మొదటి స్క్వాడ్రన్ పని మొదలైంది. ఆ ఐదుగురిలో ఒకడైన సుబ్రతో ముఖర్జీ 1954లో వాయుసేనకు తొలి భారతీయ అధిపతి అయ్యాడు. 1938లో లాహోర్ గవర్నమెంట్ కాలేజీలో చదువుతున్న 19 ఏళ్ళ అర్జన్ సింగ్ కూడా క్రాన్‌వెల్‌కే ఎంపికయ్యాడు. అప్పట్లో దారి అదొక్కటే. ఏటా వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందికే అది తెరుచుకునేది. ఇంగ్లీషు చదువు, పరిచయాలు, లండన్ దాకా పంపగల స్తోమత ఉన్న ఇళ్ళకే అందేది.

రెండో ప్రపంచ యుద్ధం ఈ ఇరుకు దారిని ఒక్కసారిగా వెడల్పు చేసింది. ఫ్లయింగ్ క్లబ్బుల్లో లైసెన్సు తీసుకున్నవారిలో 24 మందిని 1940లో నేరుగా ఇంగ్లండు పంపారు. అంతకన్నా ముఖ్యమైన మార్పు, శిక్షణ ఈ దేశంలోనే జరగడం. ప్రాథమిక శిక్షణకు హైదరాబాద్‌లోని బేగంపేటలో, జోధ్‌పూర్‌లో పాఠశాలలు పెట్టారు. అక్కడ టైగర్ మాత్ విమానం మీద చెయ్యి తిరిగినవారు పై శిక్షణకు అంబాలా వెళ్ళేవారు. నిజాం రాజ్యపు విమానాశ్రయంగా మొదలైన బేగంపేట అలా సైనిక పైలట్లకు ఓనమాలు దిద్దించిన చోటయింది. హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ కనీస వయసు 18 నిండగానే వాయుసేనలో చేరి, 1942 జనవరిలో అధికారి అయ్యాడు. దేశ విభజన సమయంలో భారతదేశంలోనే ఉండిపోయాడు. 1978 నుంచి 1981 వరకు వాయుసేనాధిపతిగా పనిచేశాడు.

స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన ప్రశ్న వేరు. యుద్ధకాలపు భర్తీ ఆగిపోయింది. క్రాన్‌వెల్ మీద ఆధారపడడం ఇక కుదరదు. సైన్యం, నౌకాదళం, వాయుసేన మూడింటి క్యాడెట్లనూ చిన్న వయసులోనే ఒకేచోట చేర్చి పెంచాలన్న ఆలోచన అప్పుడు కార్యరూపం దాల్చింది. 1949 జనవరిలో డెహ్రాడూన్‌లో జాయింట్ సర్వీసెస్ వింగ్ మొదలైంది. అదే ఏడాది అక్టోబరు 6న పుణె సమీపంలోని ఖడక్‌వాస్లాలో నేషనల్ డిఫెన్స్ అకాడమీకి నెహ్రూ శంకుస్థాపన చేశాడు. యుద్ధంలో తమ నేల మీద ప్రాణాలిచ్చిన భారతీయ సైనికుల స్మృతికి సుడాన్ ప్రభుత్వం ఇచ్చిన సొమ్ములో భారత్ వాటా ఆ నిర్మాణానికి ఉపయోగపడింది. అందుకే అక్కడి ప్రధాన భవనం పేరు సుడాన్ బ్లాక్. అకాడమీ 1955 జనవరి 16న లాంఛనంగా ప్రారంభమైంది.

బడి నుంచి కాక్‌పిట్‌కు దారి నిజంగా ఏర్పడింది ఇక్కడే. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి, తర్వాతి పరీక్షలూ గట్టెక్కితే చాలు, తండ్రి ఎవరన్న ప్రశ్న లేదు. మూడేళ్ళ చదువు, తిండి, బస ఖర్చు ప్రభుత్వానిదే. మొదట్లో మెట్రిక్యులేషన్ అర్హతతో పిల్లలు చేరేవారు. తర్వాత పన్నెండో తరగతి ప్రమాణమైంది. వాయుసేన విభాగానికి భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు తప్పనిసరి. తెలుగు రాష్ట్రాల లెక్కలో ఇంటర్ ఎం.పి.సి. చేరే వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ళు. పల్లెల్లో, చిన్న ఊళ్ళలో చదివే పిల్లలను ఈ పరీక్షకు తయారుచేయడానికి 1961లో రక్షణమంత్రి వి.కె. కృష్ణ మేనన్ హయాంలో సైనిక్ స్కూళ్ళు మొదలయ్యాయి. విజయనగరం దగ్గరి కోరుకొండలో 1962 జనవరిలో వెలిసిన పాఠశాల వాటిలో తొలితరానిది. విజయనగరం రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజు ఇచ్చిన ప్యాలెస్‌లో దాన్ని నెలకొల్పారు. రాయలసీమలోని కలికిరికి అలాంటి పాఠశాల రావడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది.

ఈ దారిన నడిచినవారిలో అందరికీ తెలిసిన పేరు రాకేశ్ శర్మ. పాటియాలాలో పుట్టినా అతని చదువు హైదరాబాద్‌లో, సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లో, నిజాం కాలేజీలో సాగింది. 1966లో వాయుసేన క్యాడెట్‌గా ఖడక్‌వాస్లా చేరి, 1970లో పైలట్ అయ్యాడు. మరుసటి ఏడాది యుద్ధంలో మిగ్-21 నడిపాడు. 1984 ఏప్రిల్ 3న సోయజ్ టి-11లో అంతరిక్షానికి వెళ్ళాడు.

రాతపరీక్ష ఈ దారిలో మొదటి గుమ్మం మాత్రమే. గణితానికి 300, సామాన్య సామర్థ్య పరీక్షకు 600 మార్కులు. ఆ తర్వాత సర్వీస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూకి అంతా కలిపి మళ్ళీ 900. ఐదు రోజుల పాటు సాగే ఈ ఇంటర్వ్యూ బ్రిటిష్ సైన్యం రెండో ప్రపంచ యుద్ధకాలంలో రూపొందించిన మనస్తత్వ పరీక్షల వారసత్వం. బొమ్మ చూపించి కథ రాయమనడం, మైదానంలో దూలాలు, తాళ్ళు ఇచ్చి జట్టుగా అడ్డంకి దాటమనడం అందులో భాగం. పైలట్ కోరుకునేవారికి మరో పరీక్ష కూడా ఉంది. చేయి, కాలు, కన్ను ఒకేసారి ఎంత పొందికగా పనిచేస్తాయో యంత్రం మీద చూస్తారు. ఇది జీవితంలో ఒక్కసారే. తప్పితే మళ్ళీ అవకాశం ఇవ్వరు. సాధనతో మెరుగయ్యేది కాదు, సహజంగా ఉన్న నేర్పు ఎంతో తెలియాలన్నది ఈ కఠిన నియమం వెనుక తర్కం. అయినా పదిహేడేళ్ళ పిల్లవాడి కల ఒక్క పూటలో తేలిపోవడం చిన్న సంగతేమీ కాదు.

ఆ బాధ ఎరిగినవాడు ఎ.పి.జె. అబ్దుల్ కలాం. ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదివి, 1958లో డెహ్రాడూన్‌లో వాయుసేన ఎంపికకు హాజరయ్యాడు. 25 మందిలో తొమ్మిదో స్థానం వచ్చింది. ఉన్న ఖాళీలు ఎనిమిది. 2006 జూన్‌లో, రాష్ట్రపతి హోదాలో, 74 ఏళ్ళ వయసులో పుణె నుంచి సుఖోయ్-30లో ఎగిరాడు. పాత యంత్రాల స్థానంలో వచ్చిన కంప్యూటర్ ఆధారిత పైలట్ ఎంపిక పద్ధతికి తొలి ఆలోచన కూడా ఆయనదే.

ఆపైన వైద్య పరీక్ష. పైలట్‌కు కనీసం 162.5 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. కాళ్ళ పొడవు 99 నుంచి 120, తొడ పొడవు 64కి మించకుండా, కూర్చున్నప్పటి ఎత్తు 81.5 నుంచి 96 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. ఇవి అందచందాల కొలతలు కావు. పాదం రడ్డర్ పెడల్‌కు అందాలి. ప్రమాదంలో సీటుతో సహా పైకి ఎగిరిపోవలసి వస్తే మోకాళ్ళు ముందున్న పరికరాల పలకకు తగలకూడదు. అన్ని గుమ్మాలూ దాటి, ఇటీవలి లెక్కల ప్రకారం ఒక్కో కోర్సుకు అకాడమీలో చేరేది 370 మంది. వాయుసేనకు 120. అందులో విమానం నడిపే శాఖకు 92.

ఖడక్‌వాస్లా తర్వాతి మజిలీ తెలంగాణ నేల మీదే ఉంది. ఒకప్పుడు వాయుసేన శిక్షణ కోయంబత్తూరు, జోధ్‌పూర్, అలహాబాద్, బీదర్, హకీంపేటల మధ్య చెదిరి ఉండేది. దాన్ని ఒక గొడుగు కిందికి తేవడానికి హైదరాబాద్ శివార్లలోని దుండిగల్‌ను ఎంచుకున్నారు. 1967 అక్టోబరు 11న, హైదరాబాద్‌లోనే పుట్టిన రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేశాడు. 1971 నాటికి ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పనిలోకి దిగింది. తొలి విమానం మీద పాఠాలయ్యాక క్యాడెట్లను విడదీస్తారు. ఫైటర్లకు తగినవారు హకీంపేటకు, తర్వాత బీదర్‌కు, రవాణా విమానాలవారు బెంగళూరు దగ్గరి యలహంకకు, హెలికాప్టర్లవారు హకీంపేటకే.

శిక్షణ విమానాల కథలో గర్వపడదగ్గవీ ఉన్నాయి, బాధపెట్టేవీ ఉన్నాయి. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (ఇప్పటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్) తయారుచేసిన హెచ్.టి.-2 1951లోనే ఎగిరింది. 1964లో తొలిసారి ఎగిరిన కిరణ్ జెట్ దశాబ్దాల పాటు హకీంపేట ఆకాశానికి పరిచయమైన శబ్దమైంది. కానీ కిరణ్ దిగగానే కుర్ర పైలట్‌ను మిగ్-21 ఎక్కించడం పెద్ద అగాధం దాటించడమే. గంటకు 300 కిలోమీటర్లకు పైబడిన వేగంతో నేల తాకే విమానం అది. మధ్యలో మరో మెట్టు, అంటే అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ ఉండాలని, విమాన ప్రమాదాలను పరిశీలించిన లాఫాంటేన్ కమిటీ 1982లో చెప్పింది. బ్రిటిష్ హాక్ విమానాలు 66 కొనే ఒప్పందం కుదిరింది 2004లో. అవి బీదర్‌లో పనిలోకి దిగింది 2008లో. సిఫారసుకూ విమానానికీ మధ్య పాతికేళ్ళకు పైగా గడిచాయి. ఆ మధ్యకాలపు మిగ్ ప్రమాదాల్లో ఇరవయ్యేళ్ళు దాటీ దాటని పైలట్లు ఎందరో చనిపోయారు. అన్నిటికీ శిక్షణ లోపమే కారణం కాకపోవచ్చు. ఇంత ఆలస్యాన్ని మాత్రం ఏ లెక్కా సమర్థించలేదు.

ప్రాథమిక దశలోనూ ఒకసారి ఇలాగే అయింది. ఇంజన్ సమస్యలున్న హెచ్.పి.టి.-32 దీపక్‌ను 2009లో ఒక ఘోర ప్రమాదం తర్వాత నేలకు దించేశారు. 2013లో స్విట్జర్లాండ్ నుంచి పిలాటస్ పీసీ-7 విమానాలు దుండిగల్ చేరేదాకా కొత్త క్యాడెట్లు తొలి పాఠమే జెట్ మీద నేర్చుకోవలసి వచ్చింది.

డిగ్రీ తర్వాత చేరేవారికి కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష, వాయుసేన సొంత ప్రవేశ పరీక్ష, ఎన్‌సీసీ ప్రత్యేక ప్రవేశం వంటి మార్గాలు వేరే ఉన్నాయి. నౌకాదళం, సైన్యంలోని ఏవియేషన్ విభాగం కూడా పైలట్లను తీసుకుంటాయి. చాలాకాలం అమ్మాయిలకు మిగిలినవి ఈ డిగ్రీ తర్వాతి దారులే.

రవాణా విమానాలకు, హెలికాప్టర్లకు తొలి మహిళా పైలట్ల బృందం 1994లో అధికారులుగా చేరింది. అదే ఏడాది ఆవ్రో విమానాన్ని ఒంటరిగా నడిపిన హరితా కౌర్ డియోల్ 1996 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఆవ్రో ప్రమాదంలో 25 ఏళ్ళకే మరణించింది. ఫైటర్ విభాగం ఆ తర్వాత ఇరవయ్యేళ్ళకు తెరుచుకుంది. 2016 జూన్ 18న దుండిగల్ పరేడ్ మైదానంలో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ఫైటర్ పైలట్లుగా బాధ్యతలు స్వీకరించారు. అయినా ఇంటర్ చదివిన అబ్బాయికి పదిహేడేళ్ళకే దొరికే దారి, అదే తరగతిలో అదే లెక్కలు చేసిన అమ్మాయికి లేకపోయింది. నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్షకు పెళ్ళికాని పురుషులే అర్హులన్న నిబంధన ఆరు దశాబ్దాలకు పైగా సాగింది.

2021 ఆగస్టు 18న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది తొలగింది. ఆ నవంబరులో అమ్మాయిలు మొదటిసారి పరీక్ష రాశారు. 2022లో 148వ కోర్సులో చేరిన తొలి బృందంలో 17 మంది 2025 మే 30న ఖడక్‌వాస్లాలో శిక్షణ ముగించుకున్నారు. వారిలో వాయుసేనను ఎంచుకున్నవారి తర్వాతి మజిలీ దుండిగల్.