పడిశం పడగొట్టిన ముగ్గురు

వాల్టర్ షిరాను పిరికివాడని గిట్టనివాళ్లు కూడా అనలేరు. 1965 డిసెంబరు 12న జెమినీ-6 రాకెట్ ఇంజన్లు అంటుకుని, సెకను దాటీ దాటకముందే ఆగిపోయాయి. కింద నిండా ఇంధనం. కుర్చీతో సహా బయటికి ఎగిరిపోయే ఏర్పాటు అందుబాటులోనే ఉంది. నిబంధన ప్రకారం ఆయన దాన్ని లాగాలి. లాగలేదు. రాకెట్ నేల విడవలేదని ఒంటికి తెలుస్తోంది, దాన్నే నమ్ముకుని కదలకుండా కూర్చున్నాడు. ఆ నిబ్బరం వల్ల రాకెట్ దక్కింది. మూడు రోజుల తర్వాత అదే రాకెట్‌లో పైకి వెళ్లి వచ్చాడు. మెర్క్యురీ, జెమినీ, అపోలో మూడు రకాల నౌకల్లోనూ ఎగిరిన వ్యోమగామి చరిత్రలో ఆయన ఒక్కడే.

అలాంటి మనిషి పేరుకు చివర్లో మచ్చ పడింది. ఆయన వెంట వెళ్లిన ఇద్దరికీ అంతరిక్షం తలుపులు శాశ్వతంగా మూసుకున్నాయి. ఇదంతా యంత్రం చెడిపోయి జరగలేదు, మంటలు లేచి జరగలేదు. పడిశంతో మొదలైంది.

ఎక్కడో అమెరికాలో జరిగిన ఈ కథను అరకులో కూర్చుని చెప్పడానికి కారణం ఉంది. డిసెంబరు వచ్చిందంటే మా కొండలు జనంతో నిండిపోతాయి. లంబసింగి మంచు చూడాలని తెల్లవారకముందే లేస్తారు. చాపరాయి దగ్గర వణుకుతూ నీళ్లల్లో ఆడతారు, రాత్రి చలిమంట చుట్టూ థింసా చూస్తూ మంచులో తడుస్తారు. మూడో రోజుకి సగం మందికి ముక్కులు దిబ్బడ వేస్తాయి. ఆ ముక్కులతోనే విశాఖ దిగుతారు. మర్నాడు పొద్దున్నే రుషికొండలో స్కూబా డైవింగ్‌కు టికెట్లు ముందే కొనేసి ఉంటాయి. మూడు రోజుల యాత్రలో కొండా సముద్రమూ రెండూ చూసేయాలి కదా. అప్పుడు పుడుతుంది ఆ ప్రశ్న: కాస్త జలుబుంది, దిగొచ్చా?

ఒకసారి కిరండూల్ ప్యాసింజర్‌లో దిగుతుండగా ఇదే మాట విన్నాను. శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. అది దాటి బొర్రా వైపు జారుతున్న కొద్దీ, సొరంగం వెంట సొరంగం వస్తూ పోతూ, పెట్టెలో మాటలు తగ్గిపోయాయి. అందరికీ చెవులు దిబ్బళ్లు పడుతున్నాయి. ఒక పసివాడు చెవి పట్టుకుని గుక్క తిప్పుకోకుండా ఏడుస్తున్నాడు. ఎదురుగా ఉన్న హైదరాబాద్ కుర్రాడు ముక్కు ఎర్రగా కందిపోయి, రుమాలు వదలకుండా, రేపటి డైవింగ్ గురించి స్నేహితుడితో చెబుతున్నాడు. పక్కన జామకాయల బుట్టతో కూర్చున్న పెద్దావిడ అంతా విని, వాడి చేతిలో ఒక కాయ పెట్టింది.

"నముల్తా ఉండు బాబూ, సెవులు ఇప్పుతాయి."

వాడు నమిలాడు. ఒక చెవి విచ్చుకుంది, రెండోది విచ్చుకోలేదు.

"పడిశం పట్టినోడివి సముద్రంలోకి ఏటి దిగుతావు నాయనా? మరో నాలుగు రోజులాగు."

"డబ్బు కట్టేశామమ్మా, టాబ్లెట్ వేసుకుంటాను," అన్నాడు.

ఆ పెద్దావిడ చెప్పినదాని వెనక ఉన్న లెక్క చూద్దాం. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడి గాలి ఒత్తిడి విశాఖలో కంటే దాదాపు పదో వంతు తక్కువ. మనం గంటల తరబడి ఘాట్ దిగుతుంటే ఆ పదో వంతు మెల్లగా పెరిగి కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది. చెవి మధ్య గది నుంచి ముక్కు వెనక్కి ఒక సన్నటి నాళం ఉంటుంది. గుటక వేసినప్పుడల్లా అది క్షణం పాటు తెరుచుకుని, బయటి గాలిని లోపలికి పంపి రెండు వైపులా సరిచేస్తుంది. పడిశం పడితే ఆ నాళం గోడలు వాచి అతుక్కుపోతాయి. గాలికి దారి ఉండదు. జామకాయ నమిలినా ఒక చెవి విప్పుకోలేదంటే కారణం అదే.

ఇక సముద్రం సంగతి. అరకు నుంచి విశాఖ దాకా దిగితే పెరిగే ఒత్తిడి, నీళ్లలో ఒక్క మీటరు దిగితే పెరుగుతుంది. ఘాట్ మొత్తం ఒక్క మీటరులో, రెండు మూడు క్షణాల్లో. పది మీటర్లు దిగితే ఒత్తిడి రెట్టింపు. రైల్లో ఒక చెవి తెరుచుకోని కుర్రాడు మర్నాడు పొద్దున ఆ నీళ్లలో దిగాలనుకున్నాడు.

షిరా ముందు నిలిచిన చిక్కు కూడా ఇదే.

1967 జనవరి 27న అపోలో-1 నౌకలో, ఇంకా నేల మీద పరీక్షలు జరుగుతుండగానే, నిప్పంటుకుని ముగ్గురు చనిపోయారు. వారిలో గస్ గ్రిసమ్ షిరాకు పొరుగింటివాడు, ఆప్తుడు. వాళ్లకు ప్రత్యామ్నాయంగా శిక్షణ పొందిన జట్టు షిరాది. స్నేహితుణ్ని పోగొట్టుకున్న మనిషి ఆ తర్వాత ఇరవై నెలల పాటు కొత్త నౌకను మర మరా, బోల్టు బోల్టూ పరీక్షించాడు, ఇంజనీర్లతో తగవులాడాడు. ఈ ఒక్క ప్రయాణం చేసి విరమిస్తానని 1968 సెప్టెంబరులోనే ప్రకటించాడు. అక్టోబరు 11న, గ్రిసమ్ ప్రాణం పోయిన అదే 34వ నంబరు వేదిక మీంచి, డాన్ ఎయిసెల్, వాల్టర్ కన్నింగ్‌హామ్‌లతో కలిసి అపోలో-7లో పైకి లేచాడు.

మొదటి రోజు గడవకుండానే షిరాకు పడిశం పట్టింది. తర్వాత ఎయిసెల్‌కూ అంటుకుంది. మన పెద్దలు పడిశం పది రోగాల పెట్టు అన్నది నేల మీద బతికే మనిషిని చూసి. బరువన్నదే లేనిచోట అది మరీ కిరాతకం. ఇక్కడైతే చీమిడి కిందికి కారిపోతుంది, తల తేలికవుతుంది. అక్కడ కిందా పైనా లేవు. పట్టిన చీమిడి పట్టినచోటే గడ్డకట్టినట్టు ఉండిపోతుంది. గట్టిగా చీదితే తప్ప రాదు, చీదితే చెవుల్లో పోటు. పెట్టె లాంటి నౌకలో పదకొండు రోజులు అదే తలతో, అదే ముక్కుతో గడపాలి. తిండి సయించలేదు. నిద్ర వంతులు కుదరలేదు. ఈ స్థితిలో హ్యూస్టన్‌లోని నియంత్రణ కేంద్రం నుంచి వచ్చే ప్రతి కొత్త ఆజ్ఞా కారం చల్లినట్టే ఉండేది. అనుకున్న రోజున టీవీ ప్రసారం చేయనని షిరా మొండికేశాడు. ముందు నౌక భద్రత, తర్వాతే వినోదం అన్నాడు. తర్వాత చేశారు. మనుషులున్న అమెరికా నౌక నుంచి వచ్చిన తొలి ప్రత్యక్ష ప్రసారం అదే, దానికి ఎమ్మీ పురస్కారం కూడా వచ్చింది. అయినా ఆ తగాదా ఎవరూ మరిచిపోలేదు. మాట మీద మాట పెరిగింది. నేల మీద ఉన్న అధికారులు మనసులో లెక్క రాసుకున్నారు.

అసలు పట్టు తిరుగు ప్రయాణంలో వచ్చింది. నౌకలో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 5 పౌండ్లు, సముద్రమట్టాన 14.7. దిగేటప్పుడు ఈ తేడా అంతా చివరి కొద్ది నిమిషాల్లో చెవుల మీద పడుతుంది. నీళ్ల భాషలో చెప్పాలంటే ఆరేడు మీటర్ల లోతు. రుషికొండలో కొత్తవాళ్లు దిగే లోతులు కూడా ఇంచుమించు ఇంతే. ముక్కు నొక్కిపట్టి, నోరు మూసి, లోపల్నుంచి గాలి ఊదితే ఆ నాళం తెరుచుకుంటుందని పైలట్లకూ డైవర్లకూ తెలుసు. మూడు వందల ఏళ్ల కిందటి ఇటలీ వైద్యుడు వల్సాల్వా పేరుతో పిలిచే పద్ధతి అది. కానీ అపోలో కొత్త హెల్మెట్ గాజు గోళం లాంటిది, ముందు తెరుచుకునే తలుపు లేదు. అది పెట్టుకుంటే చెయ్యి ముక్కు దాకా పోదు. పెట్టుకుంటే కర్ణభేరి చిరగవచ్చు. పెట్టుకోకపోతే, దిగేటప్పుడు నౌకలో గాలి పోయినట్టయితే ప్రాణాలే పోవచ్చు.

హెల్మెట్లు పెట్టుకోం అన్నాడు షిరా. వ్యోమగాముల పెద్ద డీక్ స్లేటన్, షిరాతోపాటే మెర్క్యురీ తొలి ఏడుగురిలో ఎంపికైనవాడు, కింది నుంచి నచ్చజెప్పి చూశాడు. ప్రపంచం వింటుండగానే ఆ వాదన సాగింది. షిరా వినలేదు. జలుబు మాత్రలు మింగి, బోసి తలలతో, అక్టోబరు 22న అట్లాంటిక్‌లో దిగారు. చెవులు దక్కాయి. నౌక భూమిని 163 సార్లు చుట్టింది, పెద్ద ఇంజను ఎనిమిది సార్లు వెలిగిస్తే ఎనిమిది సార్లూ తప్పు లేకుండా పనిచేసింది. ఆ విజయం మీద నిలబడే రెండు నెలల్లో అపోలో-8 చంద్రుణ్ని చుట్టి వచ్చింది.

ఇంతటి ప్రయాణం చేసి వచ్చినవాళ్లకు దక్కింది మౌనం. షిరా ఎలాగూ విరమించుకున్నాడు. ఎయిసెల్, కన్నింగ్‌హామ్ మళ్లీ ఎగరలేదు. చంద్రుడి దాకా వెళ్లాల్సిన వయసులో, నేర్పులో ఉన్నవాళ్లు. కన్నింగ్‌హామ్‌ విషయంలో నాకు మరీ బాధ. తనకు జలుబు పెద్దగా చేయనే లేదని ఆయన తర్వాత చెబుతూ వచ్చాడు. పక్కవాడి పడిశానికి తన భవిష్యత్తు చెల్లించాడు. ఎయిసెల్ నాసా వదిలి కొంతకాలం థాయ్‌లాండ్‌లో పనిచేశాడు. 1987 డిసెంబరు 2న, 57 ఏళ్ల వయసులో, టోక్యోలో గుండెపోటుతో పోయాడు. షిరా 2007 మే 3న పోయాడు. మిగతా అపోలో జట్లకు దక్కిన విశిష్ట సేవా పతకం ఈ జట్టుకు 2008లో ఇచ్చారు. అది అందుకోవడానికి ముగ్గురిలో మిగిలింది కన్నింగ్‌హామ్ ఒక్కడే. ఎయిసెల్ చనిపోయి అప్పటికి దాదాపు 21 ఏళ్లు. కన్నింగ్‌హామ్ కూడా 2023 జనవరిలో వెళ్లిపోయాడు.

షిరా మాట కరుకు. అధికారుల ముందు అంత పంతం అక్కరలేదేమో. కానీ చెవుల విషయంలో ఆయన పడ్డ భయం నూటికి నూరుపాళ్లు న్యాయమైనదని నేను నమ్ముతాను. ఇంజను ఆగిన రాకెట్ మీద కదలకుండా కూర్చున్న మనిషి ఊరికే భయపడడు. పైగా ఆయనకు ఇంకో దారి లేదు. జలుబు పట్టేసరికి నౌక భూమిని వదిలేసింది. ఎలాగైనా దిగి తీరాలి.

రుషికొండ ఒడ్డున నిలబడ్డవాడికి ఆ నిర్బంధం లేదు. అయినా దిగుతున్నారు. టాబ్లెట్ వేసుకున్నాం కదా అంటారు. ఆ మందు నాళం వాపును కొన్ని గంటలు అణచి ఉంచుతుంది. నీళ్ల అడుగున ఉండగా దాని బలం తగ్గితే, దిగేటప్పుడు లోపలికి వెళ్లిన గాలి పైకి వచ్చేటప్పుడు బయటికి రాలేక లోపలే ఉబ్బుతుంది. నొప్పి పుడితే దిగడం మానుకోవచ్చు. పైకి రావడం ఎలా మానుకుంటాడు? నుదురు, బుగ్గల వెనక ఉన్న ఎముకల గూళ్లకూ ఇదే గతి, ముక్కు వెంట రక్తం వచ్చేది అక్కడి నుంచే. దగ్గు, కఫం కూడా ఉంటే ఊపిరితిత్తుల్లో ఏదో ఒక మూల గాలి చిక్కుకునే ప్రమాదం ఉంది, అది ప్రాణం మీదికే వస్తుంది. అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది లోచెవి. తెరుచుకోని నాళాన్ని బలవంతంగా ఊదితే లోచెవి దగ్గరి పలచటి పొర చిట్లవచ్చు. అక్కడితో కళ్లు తిరగడం, చెవిలో ఆగని హోరు, ఒక్కోసారి ఎప్పటికీ తిరిగిరాని వినికిడి. నీళ్ల అడుగున దిక్కు తెలియకుండా తల తిరిగితే ఆ మనిషి ఏం కావాలి?

యాత్రను తిరగేసి పెట్టుకునేవాళ్లకూ ఒక మాట. పొద్దున సముద్రంలో దిగి మధ్యాహ్నానికే అనంతగిరి ఘాట్ ఎక్కేయకండి. ఒంట్లో కరిగిన నత్రజని బయటికి పోవడానికి సమయం కావాలి. డైవింగ్ తర్వాత విమానం ఎక్కడానికి 12 నుంచి 18 గంటలు ఆగమంటారు, అరకు ఎత్తుకు కూడా అదే జాగ్రత్త చెల్లుతుంది. ఆ రాత్రి విశాఖలో పడుకుని మర్నాడు రండి.

అపోలో-7 నుంచి నాసా నేర్చుకుంది. 1969 ఫిబ్రవరి 28న ఎగరాల్సిన అపోలో-9 జట్టుకు జలుబు చేస్తే, వేల మంది సిద్ధం చేసిన ఆ మహా రాకెట్‌ను మూడు రోజులు ఆపేశారు. జట్టు కోలుకున్నాక మార్చి 3న పంపారు.

ఈ చలికాలం మా కొండల మీది నుంచి ముక్కు దిబ్బడతో దిగి వెళ్లే పిల్లలందరికీ నా మనవి. ఒడ్డునే నిలబడి గుటక వేసి చూసుకోండి. రెండు చెవులూ సులువుగా తెరుచుకోకపోతే, మాత్రతో తెరిపించాల్సి వస్తే, ఆ రోజు దిగకండి. దింపేవాళ్ల దగ్గర జలుబు సంగతి దాచకండి. కట్టిన డబ్బు పోతే పోనివ్వండి, ముక్కు పూర్తిగా తేరుకున్నాక మళ్లీ రండి.