కాయిలోవర్ మర ఎందుకు పుట్టింది?

కాయిలోవర్ అనగానే కుర్రకారుకు ముందు గుర్తొచ్చేది కారును నేలకు దించడం. ఊగుడును అణచే డాంపర్ గొట్టం మీద మర, మర మీద తిరిగే కాలరు, దాని మీద కూర్చున్న చుట్ట స్ప్రింగు. కాలరు కిందికి తిప్పితే కారు దిగుతుంది, నిజమే. కానీ ఆ కాలరు చేయగల అసలు పని వేరే ఉంది. అదేమిటో తెలియాలంటే సస్పెన్షన్ నడిచొచ్చిన దారి చూడాలి.

1804లో ఇంగ్లండ్‌లో ఒబడయా ఇలియట్ గుర్రపు బండ్ల కమాన్ పట్టీలకు పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా బరువు మోయడం, ఇరుసును పట్టి ఉంచడం, ఊగుడును అణచడం మూడూ ఆ పట్టీల పనే. పట్టీకీ పట్టీకీ మధ్య రాపిడే అప్పటి షాక్ అబ్జార్బర్. మోటారు బండ్ల వేగం పెరిగేసరికి ఆ రాపిడి చాల్లేదు. ఫ్రాన్స్‌లో త్రుఫో, అమెరికాలో హార్ట్‌ఫర్డ్ రాపిడి బిళ్లలతో విడిగా డాంపర్లు చేశారు. 1922లో ఇటలీ నుంచి వచ్చిన లాంచియా లాంబ్డా ఇంకో అడుగు వేసింది. దాని ముందు చక్రాల దగ్గర చుట్ట స్ప్రింగూ నూనె డాంపరూ ఒకే స్తంభంలో ఇమిడాయి. కాయిలోవర్ వంశవృక్షానికి వేరు అక్కడే ఉందని నా నమ్మకం.

స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలన్న ప్రశ్నను లెక్కగా మార్చిన మనిషి మారిస్ ఓలీ. రోల్స్‌రాయిస్‌లో పనిచేసి 1930లో అమెరికా కంపెనీ కాడిలాక్‌లో చేరిన బ్రిటిష్ ఇంజనీరు. ఒక పెద్ద కారుకు ముందూ వెనకా బరువులు వేలాడదీసి, వాటిని జరుపుతూ, స్ప్రింగులు మారుస్తూ, తన మనుషుల్ని కూర్చోబెట్టి నడిపించాడు. అప్పటిదాకా ముందు స్ప్రింగులు వెనక వాటికన్నా బిరుసుగా ఉండేవి. ఓలీ దాన్ని తలకిందులు చేశాడు. ముందు చక్రాలు గుంతను ముందే తాకుతాయి. కనుక వెనక భాగం కాస్త వేగంగా ఊగి ముందు భాగాన్ని అందుకోవాలి, అప్పుడే బండి తల ఊపకుండా సమంగా పోతుంది. కాబట్టి స్ప్రింగును కిలోల్లో కొలవడం చాలదు, బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చూడాలి. మామూలు కార్లు ఒకటి, ఒకటిన్నర హెర్ట్జ్ నడుమ ఉంటాయి. ట్రాక్ కోసం కట్టినవి రెండు దాటతాయి.

ఆ తర్వాతి కథ వేగంగా సాగింది. స్ప్రింగునూ డాంపర్‌నూ ఒకే స్తంభంగా కలిపి ఎర్ల్ మెక్‌ఫర్సన్ ఆలోచించిన స్ట్రట్ 1950లో బ్రిటన్‌లో ఫోర్డ్ కాన్సుల్‌కు వచ్చింది. 1957లో కాలిన్ చాప్‌మన్ తన లోటస్ ఎలీట్ వెనక చక్రాలకు అదే తరహా స్ట్రట్ పెట్టాడు. ఫ్రాన్స్‌లో ద కార్బన్ నూనెను, ఒత్తిడిలో ఉన్న వాయువును కదిలే పిస్టన్‌తో వేరు చేసే ఒంటి గొట్టం డాంపర్‌కు రూపమిచ్చాడు. నూనె నురగెత్తి డాంపర్ సత్తువ కోల్పోయే జబ్బుకు అది మందు. దాన్ని బిల్‌స్టైన్ తయారుచేయగా 1957లో మెర్సిడెస్ తన కార్లకు వాడింది.

ఎత్తు సరిచేయడం ఒకప్పుడు ఎంత కష్టమో పోర్షా 911 చెబుతుంది. 1989 దాకా ఆ కారు మెలితిరిగే ఉక్కు కడ్డీల మీద నిలిచింది. వెనక ఎత్తు మార్చాలంటే కడ్డీని బయటికి లాగి, ఒక్కో పంటి చొప్పున తిప్పి మళ్లీ దూర్చాలి. 964 తరంతో చుట్ట స్ప్రింగులు వచ్చాక, మర ఉన్న డాంపర్ బిగిస్తే ఆ పని ఒక స్పానర్‌తో తేలిపోయింది. అదే 1989లో మాజ్డా ఎంఎక్స్-5 నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్లతో, డాంపర్ చుట్టూ స్ప్రింగుతో వచ్చింది. జపాన్‌లో టైన్, జర్మనీలో కేడబ్ల్యూ, స్వీడన్‌లో ఓలిన్స్ లాంటివాళ్ల సరుకు రేసు గరాజులు దాటి మామూలు ఇళ్లకు చేరింది.

దాంతోపాటే దించే మోజూ చేరింది. దీన్ని నేను గట్టిగా కాదంటాను. మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కారును బాగా దించితే బరువు కేంద్రం దిగుతుంది, బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ అంతకన్నా ఎక్కువగా దిగుతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, మలుపులో ఒరిగే గుణం తగ్గడానికి బదులు పెరుగుతుంది. స్ప్రింగు కదిలే చోటు కరిగిపోయి బండి రబ్బరు బంప్‌స్టాప్‌ల మీద దభీమని పడుతుంది.

కొనేటప్పుడు ముందు స్ప్రింగు లెక్క వేసుకోవాలి. చక్రం కదిలిన దానిలో స్ప్రింగు 0.7 వంతే కదిలితే, చక్రం దగ్గర దాని బిరుసు ఆ వంతు వర్గం, అంటే 0.49 వంతే. కాబట్టి మిల్లీమీటరుకు 8 కిలోల స్ప్రింగు చక్రానికి 4 కిలోల లోపే. ఆ మూలన 220 కిలోలుంటే ఊపు సుమారు 2.1 హెర్ట్జ్, రోజూ తిరిగే కారుకు అది ఎక్కువే. అదే స్ప్రింగు మెక్‌ఫర్సన్ స్ట్రట్ మీద దాదాపు పూర్తి బిరుసు చూపిస్తుంది. వేరే కారువాడు మెచ్చుకున్న నంబరు మనకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. డాంపర్‌లో పైకి వచ్చే కదలికనూ కిందికి పోయే కదలికనూ విడివిడిగా సరిచేసే వీలుంటే మంచిదే. కానీ స్ప్రింగు తప్పుదైతే ఎన్ని క్లిక్కులు తిప్పినా దారికి రాదు.

బిగించాక నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టాలి. కాలరు అసలు పని ఇక్కడ కనిపిస్తుంది. మంచం కోడు కింద చెక్క పెడితే ఎదురు మూల కోడు మీదా బరువు పెరిగినట్టే, ముందు ఎడమ కాలరు లేపితే వెనక కుడి చక్రం మీదా బరువు పెరుగుతుంది. ఒక్కో కర్ణం మీద సగం సగం బరువు వచ్చేదాకా కొంచెం కొంచెంగా తిప్పాలి. కుడికీ ఎడమకీ తిరిగేటప్పుడు బండి ఒకేలా నడుచుకోవడానికి ఈ ఓపికే మూలం. సీట్లో డ్రైవరుంటేనే ఆ తూకం నిజం, లేదా అంత బరువున్న ఇసుక సంచులైనా ఉండాలి. ట్యాంకులో రోజూ ఉండేంత పెట్రోలు పోయాలి, టైర్లలో గాలి సరిచూడాలి, యాంటీరోల్ బార్ లింకు ఒక పక్క విప్పి ఉంచాలి. వీల్ అలైన్‌మెంట్ అన్నిటికన్నా చివర. కాలరు తిరిగిన ప్రతిసారీ టో, క్యాంబర్ రెండూ మారతాయి.