పావగడ కొండదారులు

కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో మెట్టచేలు, రాతిగుట్టల మధ్య సాగే బండిబాటలు. తాలూకాకు మూడు పక్కలా ఆంధ్ర సరిహద్దే. ఊళ్లలో తెలుగు, కన్నడం రెండూ వినిపిస్తాయి. ఎడారి అనలేం గానీ, వర్షాభావం పాతకాపు.

మౌంటెన్ సైకిలు తొక్కేవారికి ఇక్కడ ఎక్కడం కన్నా దిగడమే గండం. గరుసు నేలమీద వెనక చక్రం జారుతుంది. సర్కారు తుమ్మ ముల్లు టైరులో దిగి లోపలే విరుగుతుంది. దాన్ని లాగెయ్యకుండా ట్యూబు మారిస్తే రెండో పంక్చరు ఖాయం. బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ కాబట్టి మంచినీళ్లు వెంట ఉండాలి.

పావగడ కొండకోట పాళెగాళ్ల కాలంనాటిది. అంతకన్నా పాతది, చూడదగ్గది నిడుగల్లు దుర్గం: 12, 13 శతాబ్దాల్లో నిడుగల్లు చోళుల రాజధాని, హొయ్సళులకు కొరకరాని కొయ్య. శిథిల ద్వారాలు, గుళ్లు చూడాలంటే సైకిలు కొండకిందే వదిలి నడవాలి.

తిరుమణి వైపు దృశ్యం వేరు. అక్కడ రైతుల నుంచి కౌలుకు తీసుకున్న సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. ఈ దారులకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.